ఇల్లు లేనివాళ్లను తగ్గించడం ఎలా? ఒక హెడ్ క్లర్కు నోట్

నేను ముప్పై నాలుగేళ్లు ఒక సర్కారీ దఫ్తరులో పనిచేసి హెడ్ క్లర్కుగా దిగిపోయాను. ఏ దఫ్తరో అడగొద్దు, లోపలికెళ్లి చూస్తే అన్నీ ఒకటే. దిగిపోయిన నెలకే షుగర్ బయటపడింది. డాక్టరు పొద్దున్నే నడవమన్నాడు. జహీరాబాద్‌లో నడవడానికి నాకు తోచినవి రెండే దారులు. ముంబై హైవే పక్కన నడిస్తే షుగర్‌తో పాటు మనిషి కూడా పోయేట్టున్నాడు. అందుకని రైల్వే స్టేషన్ దారి పట్టాను.

మొదటిరోజు చీకటితోనే వెళ్లాను. స్టేషన్ బయట గోడవారగా బస్తాలు వరసగా పెట్టి ఉన్నాయి. అల్లం బస్తాలేమో, పార్సిలుకు వచ్చాయేమో అనుకున్నాను. అందులో ఒక బస్తా దగ్గింది. ఇంకో బస్తా "టైమెంతయింది సారూ?" అని అడిగింది.

ఇంటికొచ్చి చాయ్ కూడా తాగకుండా కాగితం తీశాను. సమస్య కంటబడితే నోట్ రాయకుండా ఉండలేను. అది షుగర్ కన్నా పాత జబ్బు. ఈ నోట్‌ను ఊరి మేలు కోరే ఏ అధికారైనా, ఏ కౌన్సిలరైనా, ఏ క్లబ్బు అధ్యక్షుడైనా నిస్సంకోచంగా వాడుకోవచ్చు.

ముందుగా ఒకటి తేల్చుకోవాలి. ఇల్లు లేకపోవడాన్ని తగ్గించడం వేరు, ఇల్లు లేనివాళ్లను తగ్గించడం వేరు. మొదటిదానికి ఇళ్లు కావాలి, జాగా కావాలి, పైసలు కావాలి. రెండోదానికి తెలివి చాలు.

ఆ తెలివిని లెక్క దగ్గరే చూపించాలి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 17.73 లక్షల మంది తేలారు. రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, తూము పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుళ్లలో, మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవాళ్లంతా ఈ పద్దులోకి వస్తారు. వాళ్లను లెక్కపెట్టింది ఒకే ఒక్క రాత్రి, ఫిబ్రవరి 28న. పదేళ్లకోసారి ఒక్క రాత్రి! ఇంత పొదుపైన పద్ధతిని ఎవరూ చెడగొట్టకూడదు. కొందరు ఏటా లెక్కపెట్టాలంటారు. పేరుపేరునా రాసుకోవాలంటారు, ఎన్నాళ్ల నుంచి బయట ఉన్నారు, ఏం పని చేస్తారు, ఏ జబ్బు ఉంది, ఇల్లు ఎట్లా పోయింది అని అడగాలంటారు. అట్లా అడిగితే పద్దు కాస్తా మనుషులైపోతుంది. మనుషులైతే మళ్లీ రేపు కనిపించినప్పుడు మొహం చూడాల్సి వస్తుంది.

టోటల్ వేసేటప్పుడు కూడా ఏ టోటల్ చూపించాలో తెలిసుండాలి. 2001లో 19.43 లక్షలు, 2011లో 17.73 లక్షలు. తగ్గింది కదా, చప్పట్లు. పట్టణాల కాలమ్ మటుకు 7.78 లక్షల నుంచి 9.38 లక్షలకు పెరిగింది. ఆ కాలమ్ మీద పేపర్‌వెయిటు పెట్టండి. తర్వాతి లెక్క 2021లో జరగాలి. జరగలేదు, 2027కు వెనక్కి జరిగింది. కాబట్టి ఇన్నేళ్లలో దేశంలో నిరాశ్రయులు కాగితం మీద ఒక్కరు కూడా పెరగలేదు.

సుప్రీంకోర్టు మాట ఎవరైనా ఎత్తితే జంకొద్దు. ఢిల్లీ చలిలో జనం చచ్చిపోతుంటే 2010లో కోర్టు కలగజేసుకుంది. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయ గృహం ఉండాలి, రాత్రీ పగలూ, ఏడాది పొడుగునా తెరిచి ఉండాలి అంది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ అదే లెక్క తీసుకుని, మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు అని కూడా కలిపింది. 2011 లెక్కలో మన ఊరు లక్ష దాటలేదు. త్రైరాశికం వేస్తే మన వాటాకు ఆశ్రయ గృహంలో కొంత ముక్కే వస్తుంది. గోడలు ఇప్పుడు లేపి, కప్పు సంగతి జనాభా పెరిగాక చూసుకోవచ్చు. ఈ మిషన్‌ను 2016లో చిన్న పట్టణాలకు కూడా విస్తరించారని తెలిసినవాళ్లు ఊళ్లో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లకు చాయ్ తాగించండి.

ఇక బెంచీలు. లండన్‌లో క్యామ్డెన్ అనే పేట పాలకులు 2012లో ఒక కాంక్రీటు బెంచీ చేయించారు. అన్నివైపులా ఏటవాలే. కూర్చోవచ్చు, ఒరిగి పడుకోవడం కుదరదు. ప్రపంచమంతా దాని గురించి రాశారు. మనకు అంత ఖర్చు దండగ. బెంచీ నడుమ రెండు ఇనుప కడ్డీలు అతికిస్తే సరి. ట్రాక్టర్లు తయారయ్యే ఊళ్లో వెల్డర్లకు కరువా?

అమలుకు ముందు అభిప్రాయ సేకరణ చేయాలి కాబట్టి, స్టేషన్ దగ్గర పడుకునే ఒక అవ్వను అడిగాను. డెబ్బై దాటి ఉంటాయి. ఒక బొంత, ఒక స్టీలు డబ్బా, ప్లాస్టిక్ కవరులో చుట్టిన కాయితాలు, ఇవీ ఆస్తులు. పొద్దంతా ఒక హోటల్లో గిన్నెలు తోముతుంది.

"బేంచీ నడుమ ఇనుప కడ్డీలు పెడితె ఎట్లుంటది అవ్వా?"

"మంచిగుంటది సారూ. లేస్తుంటె పట్టుకోనీకి ఆసర అయితది."

ఈ జవాబును నేను రికార్డు చేయలేదు. బెంచీ మీద పడుకోలేని మనిషి నేల మీద పడుకుంటాడన్నది కూడా గమనించాను. నేలకు కడ్డీలు వేయడం ఎట్లాగో ఆలోచిస్తున్నాను.

అంతకన్నా మంచిది ఎగుమతి. జహీరాబాద్‌కు దేవుడిచ్చిన వరం సరిహద్దు. బస్సెక్కితే గంట ప్రయాణంలో బీదర్, రాష్ట్రమే మారిపోతుంది. బీదలను బీదర్‌కు పంపడంలో శబ్దానికి కూడా ఒక అందం ఉంది. రాత్రి వ్యానులో ఎక్కించి అక్కడ దింపి వస్తే, తెల్లారేసరికి మన నిరాశ్రయుడు కర్ణాటక నిరాశ్రయుడైపోతాడు. మన పద్దులో ఒకటి తగ్గుతుంది. ఎవరో దయగల పెద్దమనుషులు ఈ ఉపాయాన్ని నాకన్నా ముందే కనిపెట్టినట్టున్నారు. అవ్వ నాలుగు రోజులు కనిపించలేదు. ఐదోరోజు అదే గోడ, అదే బొంత.

"ఏడికి పోయినవ్ అవ్వా?"

"బీదరుకు తోలుకపోయిండ్రు. ఖిల్లా జూసిన. మల్ల ఆడున్నోళ్లే రైలెక్కిచ్చిండ్రు."

బీదర్‌లో కూడా ఒక హెడ్ క్లర్కు రిటైరయి ఉంటాడని నాకు ముందే తోచాల్సింది.

ఈ విద్యలో మనకు గురుస్థానం హైదరాబాద్‌ది. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వస్తున్నారని, నగరంలో రెండు నెలలపాటు అడుక్కోవడం నిషేధించారు. అడుక్కునేవాళ్లను వెతికి పట్టుకుని జైలు ఆవరణలో పెట్టిన ఆనందాశ్రమానికి తరలించారు. జైలు ఆవరణలో ఆనందాశ్రమం! పేరు పెట్టినవారికి నా నమస్కారం. అతిథులున్నది మూడు రోజులు. ఆ ఊపులోనే జైళ్ల శాఖ, బిచ్చగాళ్ల ఆచూకీ చెప్పినవాళ్లకు 500 రూపాయల బహుమానం ప్రకటించింది.

ఆ 500 దగ్గర కాసేపు ఆగుదాం. మన జిల్లా కేంద్రం సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలుంది. 2016లో దాన్ని మ్యూజియం చేసి, 'ఫీల్ ది జైల్' అని ఒక పథకం పెట్టారు. 500 రూపాయలు కడితే ఒక రోజంతా ఖైదీలా బతకొచ్చన్నారు. ఖద్దరు బట్టలిచ్చేవారు, స్టీలు పళ్లెం, గ్లాసు ఇచ్చేవారు, జైలు నిబంధనల ప్రకారం తిండి పెట్టేవారు, రాత్రికి తాళం వేసేవారు. అంటే ఒకే శాఖ ఖాతాలో, కాస్త అటూ ఇటూగా ఒకే కాలంలో, సొంతిల్లు ఉన్నవాడు జైలు కప్పు కింద పడుకోవడానికి 500 కట్టాడు. ఏ కప్పూ లేనివాడిని చూపించినవాడు 500 పుచ్చుకున్నాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఇంత అచ్చంగా సరిపోయిన జమాఖర్చు నేను చూడలేదు.

దీన్ని చూశాకే నాకు 'ఫీల్ ది స్టేషన్' ఆలోచన వచ్చింది. హైదరాబాద్ కంపెనీల పిల్లలు 500 కట్టి జహీరాబాద్ ప్లాట్‌ఫారం బయట ఒక రాత్రి గడపొచ్చు. బొంత కిరాయి అదనం. దోమలు ఉచితం. తెల్లవారుజామున లాఠీతో గోడ మీద కొట్టి లేపడం కూడా ప్యాకేజీలోనే. అవ్వను గైడుగా పెట్టుకోవచ్చు, ఎక్కడ గాలి తగలదో, ఏ కుక్క కరవదో ఆమెకు కంఠతా వచ్చు. అయితే గైడుకు జీతం ఇవ్వాలి. జీతం వస్తే ఆమె నెల తిరక్కుండానే కిరాయికి అర్ర తీసుకుని వెళ్లిపోతుంది. పథకం మూతపడుతుంది. అందుకని ఫైలు వెనక్కి తీసుకున్నాను.

పట్టుకెళ్లడానికి చట్టం ఉందా అని అడుగుతారు. 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం మనకు ఉమ్మడి రాష్ట్రం నుంచి సంక్రమించింది. ఢిల్లీ హైకోర్టు 2018లో అక్కడ అమల్లో ఉన్న అట్లాంటి చట్టంలోని శిక్షలు రాజ్యాంగానికి పడవని కొట్టేసింది. అది ఢిల్లీ సంగతి. అసలు చిక్కు వేరే ఉంది. గోడవారన పడుకున్న ఆ బస్తాల్లో ఎక్కువ మంది అడుక్కునేవాళ్లు కారు. ఒకడు హమాలీ. ఒకడు పెళ్లిళ్లలో వంటపాత్రలు మోస్తాడు. ఇద్దరు అట్టముక్కలు, ప్లాస్టిక్ ఏరి అమ్ముకుంటారు. పని చేసుకునేవాడిని బిచ్చగాడని పట్టుకోవాలంటే ముందు అతని పని మాన్పించాలి. కొంచెం శ్రమే గానీ అసాధ్యం కాదు.

పని అంటే గుర్తొచ్చింది. పనివాళ్లను నిరాశ్రయులనకుండా ఉండటానికి మన దగ్గర చాలా మంచి మాటలున్నాయి. చెరకు కొట్టే రోజుల్లో మహారాష్ట్ర నుంచి ఆలుమగలు చంటిపిల్లలతో దిగి, చేల గట్ల మీద గుడిసెలు వేసుకుంటారు. వాళ్లు నిరాశ్రయులు కారు, 'సీజన్'. ముంబై హైవే మీదే హైదరాబాద్ వైపు పోతే కంది దగ్గర ఐఐటీ వస్తుంది. ఆ భవనాలు కట్టిన జార్ఖండ్, బీహార్ కూలీలు నిరాశ్రయులు కారు, 'సైట్ లేబర్'. 2020 మార్చిలో అందరూ ఇళ్లలోనే ఉండాలని ఆదేశం వచ్చినప్పుడు వాళ్లెవరికీ అర్థం కాలేదు, ఏ ఇంట్లో అని. ఏప్రిల్ 29న వాళ్లు రోడ్డెక్కారు. మే 1న తెల్లవారుజామున లింగంపల్లి నుంచి హటియాకు దాదాపు 1,200 మందితో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. ఈ ఉదాహరణను శిక్షణ తరగతుల్లో వాడుకోండి. ఇంట్లో ఉండమని చెప్పడం ఎప్పుడూ మంచి సలహానే, వినేవాడికి ఇల్లుందా అనేది మన పరిధిలోకి రాదు.

ఇది ఎన్నో ఉపాయమో లెక్క తప్పింది. ఏదైనా, నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైంది చిరునామా. వ్యాను అక్కర్లేదు, వెల్డరు అక్కర్లేదు, కుర్చీలోంచి లేవక్కర్లేదు. అవ్వ కవరులోని కాయితాలు విప్పి చూశాను. రేషన్ కార్డు ఎప్పుడో విడిచిపెట్టిన ఊరిది. ఆధార్‌లో ఖాళీ చేసిన కిరాయి అర్ర నంబరు ఉంది. ఫోను పోయింది, కాబట్టి ఓటీపీ రాదు. పింఛను ఎందుకు ఆగిందో ఆమెకు తెలియదు. ఇప్పుడు వరస చూడండి. పింఛను కదలాలంటే ఆధార్ సరిచేయాలి. ఆధార్ సరిచేయాలంటే చిరునామా రుజువు కావాలి. చిరునామా కావాలంటే ఇల్లుండాలి. ఇల్లు కావాలంటే దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తుకు ఆధార్ జతచేయాలి. గానుగెద్దు కూడా ఏడాదికోసారి ఆగుతుంది, ఇది ఆగదు. ఏ గుమాస్తా కూడా కాదు అనలేదు, రేపు రమ్మన్నాడు అంతే.

ఇళ్ల పథకాలు వచ్చినప్పుడు మనసు కలత పడనీయొద్దు. ఇందిరమ్మ ఇళ్లు 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలయ్యాయి. ఇంటికి ఐదు లక్షలు, నాలుగు విడతల్లో, మొదటి లక్ష పునాది పూర్తయ్యాక. సొంత జాగా ఉన్నవాళ్లకు ముందు, జాగా లేనివాళ్లకు తర్వాత. జాగా ఉండి గుడిసెలో ఉన్నవాళ్లకు ఇది మేలే, నేను కాదనను. కానీ ఇల్లు లేనివాళ్లలో అందరికన్నా లేనివాళ్లు వరసలో అందరికన్నా వెనక ఉండటం చూస్తే నా గుమాస్తా ప్రాణానికి ఎంతో హాయి. అవ్వకు వివరంగా చెప్పాను.

"పునాది ఏస్కో అవ్వా, లచ్చ రూపాయలు పడ్తయి."

"ఏడ ఏస్కోవాలె బిడ్డా?"

సారూ కాస్తా బిడ్డా అయింది. చొరవ ఎక్కువైతే పని చెడుతుందని ఆ రోజు తొందరగా ఇంటికి వచ్చేశాను.

ఒకవేళ ఇళ్లు కట్టక తప్పకపోతే దూరంగా కట్టండి. మన సంగారెడ్డి జిల్లాలోనే, హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు దగ్గర కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లు ఒక్కచోటే కట్టి 2023 జూన్ 22న ప్రారంభించారు. ఒక్కోటి 560 చదరపు అడుగులు, రెండు గదులు, వంటిల్లు. ఇల్లు బాగానే ఉంటుంది. పని కోఠీలో ఉండి ఇల్లు కొల్లూరులో వచ్చినవాడి సంగతి ఆలోచించండి. రానుపోను ఛార్జీలకు కూలిలో ఎంత పోతుందో లెక్కేసుకుని, వారంలో ఐదు రోజులు పని దగ్గరే ఏ దుకాణం ముందో ఒరుగుతాడు. అప్పుడు అతను నిరాశ్రయుడు కాడు. ఇంటికి తాళం వేసుకున్నవాడు.

ఆశ్రయ గృహానికి కూడా ఇదే సూత్రం. మిషన్ మార్గదర్శకాల్లో, ఆశ్రయం నిరాశ్రయులు ఎక్కువగా ఉండే చోట, అంటే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్ల దగ్గర ఉండాలని ఉంది. పాటించొద్దు. ఊరవతల పెట్టి, బోర్డు ఇంగ్లీషులో రాయించి, రాత్రి తొమ్మిదింటికి తలుపు వేసి, పొద్దున ఆరింటికి అందరినీ బయటికి పంపండి. ఆఖరి బండికి సామాను దింపే హమాలీకి పని అయ్యేది పదింటికి. ఆడవాళ్లకు వేరే గది, వేరే స్నానాల చోటు, లోపలి నుంచి వేసుకునే గడియ అవసరం లేదు. అవి లేకపోతే ఆడవాళ్లు రారు, ఆడవాళ్లు రాకపోతే ఆశ్రయం అవసరమైన ఆడవాళ్లు ఊళ్లో లేరని నివేదిక రాయొచ్చు. ఆరు నెలలు ఖాళీగా ఉంచితే 'ఆదరణ లేదు' అని మూసేయడానికి దారి పడుతుంది.

దుప్పట్ల పంపిణీ మాత్రం ఎట్టిపరిస్థితుల్లో మానొద్దు. మన పక్క కోహీర్ పేరు చలికాలంలో వాతావరణ వార్తల్లో ఏటా వినపడుతుంది, తెలంగాణలో అన్నిటికన్నా చలి ఎక్కువ ఉన్న చోట్లలో అదొకటి. ఆ చలిలో రాత్రి పదింటికి లైట్లు పెట్టి, ఒక దుప్పటిని ఎనిమిది చేతులు పట్టుకుని ఫొటో దిగాలి. ఇచ్చేవాళ్లు ఎనిమిది మంది, పుచ్చుకునేది ఒక్కరు ఉన్నప్పుడే ఫ్రేము నిండుతుంది. అవ్వకు పోయిన చలికాలం మూడు దుప్పట్లు వచ్చాయట. పెట్టుకునే చోటు లేక రెండు అమ్ముకుంది. మూడోది వానకు నానింది.

ఇంతవరకూ చేయాల్సినవి చెప్పాను. చేయకూడనివి అంతకన్నా ముఖ్యం, ఎందుకంటే అవి పనిచేస్తాయని లోకంలో పుకారు ఉంది.

వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ముందు ఇల్లు ఇచ్చేయడం. న్యూయార్క్‌లో 1992లో సామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టాడు. తాగుడు మానితే ఇల్లు, మందులు వేసుకుంటే ఇల్లు, బుద్ధిగా ఉంటే ఇల్లు అనే పద్ధతిని తలకిందులు చేసి, ముందు తాళంచెవి చేతిలో పెట్టి తర్వాత మిగతా సంగతులు చూశాడు. ఫిన్లాండ్‌వాళ్లు 2008 నుంచి దాన్ని దేశవిధానం చేసుకున్నారు. హెల్సింకీలో 1985లో 2,121 పడకలున్న రాత్రి ఆశ్రయాలు 2016 నాటికి 52 పడకలకు కుదించుకుపోయాయి. ఆ ఆశ్రయాల్లో చాలావాటిని అద్దె ఇళ్లుగా మార్చేశారు. కెనడాలో 2009 నుంచి ఐదు నగరాల్లో రెండువేల మందికి పైగా మనుషులతో పరీక్ష పెట్టారు. ముందు ఇల్లిచ్చినవాళ్లలో 62 శాతం మంది ఆఖరి ఆరు నెలలూ ఇంట్లోనే ఉన్నారు. పాత పద్ధతిలో వదిలేసినవాళ్లలో అట్లా ఉన్నది 31 శాతం. చూశారా, ఎంత విపరీతం. అర్హత లేనివాళ్లు ఇంట్లో ఉండిపోయారు.

చలిదేశాలవాళ్లు, డబ్బున్నవాళ్లు అని తోసేయొచ్చు గానీ, మన పక్క చెన్నైలోనే 1993లో పుట్టిన బాన్యన్ అనే సంస్థ ఉంది. మతి చలించి రోడ్ల మీద తిరిగే ఆడవాళ్లను చేరదీసింది. ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో మగ్గుతున్నవాళ్లను 'హోమ్ అగైన్' పేరుతో మామూలు వీధుల్లో అద్దె ఇళ్లకు మార్చింది. నలుగురైదుగురు ఆడవాళ్లు, ఒక వంటిల్లు, సాయానికి ఒక మనిషి. వాళ్లు కూరగాయలకు వెళ్తారు, పక్కింటివాళ్లతో కొట్లాడతారు. వీధిలో తిరిగే మతిలేని మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకుని వైద్యానికి చేర్చే బాధ్యత 2017 మానసిక ఆరోగ్య చట్టం పోలీసుల మీద పెట్టింది. మన స్టేషన్ దగ్గర ఒకాయన రోజంతా సిగ్నల్ స్తంభానికి లెక్కలు అప్పజెప్తుంటాడు. నాలుగుసార్లు విన్నాను, లెక్క తప్పలేదు. ఆయన్ను పలకరించొద్దు. చట్టం గుర్తొస్తుంది.

ఇంకా దగ్గర్లో ఉన్న ప్రమాదం పస్తాపూర్. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ చుట్టుపక్కల ఊళ్లలో దళిత ఆడవాళ్ల సంఘాలు పెట్టింది. పడావు పడ్డ చెలకలు సాగులోకి తెచ్చుకుని, జొన్నలు, కొర్రలు, సజ్జలు, కందులు కలిపి పండించుకున్నారు. ఊళ్లోనే ధాన్యం కొట్లు నింపుకుని, కరువు నెలల్లో ఊళ్లో ఎవరికి ముందు పెట్టాలో సంఘమే కూర్చుని తేల్చింది. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి కూడా ఇచ్చారు. సొంతూళ్లో గింజలుంటే బొంత చుట్టుకుని స్టేషన్‌కు ఎవరు వస్తారు? ఇట్లాంటివి పెరిగితే నా నోట్‌కు విలువేం ఉంటుంది?

ఆఖరిది, చిన్నది, అందుకే ఎవరి కంటా పడనిది: కిరాయి బాకీ. అవ్వ బయటికి ఎట్లా వచ్చిందో ఒకరోజు తనే చెప్పింది, నేను అడగలేదు. భర్త దవాఖానలో నెలన్నర ఉండి పోయాడు. కొడుకు పనికని పటాన్‌చెరు పోయి, అక్కడినుంచి ఎక్కడికి పోయాడో తెలియదు. అర్ర కిరాయి నెలకు పదిహేను వందలు, నాలుగు నెలలు ఆగింది. ఒకనాడు హోటల్ నుంచి వచ్చేసరికి తాళం మారింది. "ఓనరు మంచోడే బిడ్డా, ఆరు నెలల సంది ఓపిక పట్టిండు," అంది. నాలుగు నెలలో ఆరు నెలలో, ఆమె లెక్క కుదరలేదు గానీ నా లెక్క కుదిరింది. ఆరువేలు.

నాకు అలవాటు కొద్దీ రెండో కాలమ్ కూడా వేశాను. బెంచీకి కడ్డీలు, వెల్డింగు కూలి. వ్యాను డీజిలు, బీదర్ రానుపోను. అక్కడివాళ్లు తిరిగి ఎక్కించిన టిక్కెట్టు. దుప్పట్లు మూడు. దుప్పట్ల ఫ్లెక్సీ. ఫ్లెక్సీ కట్టడానికి కట్టెలు, తాడు. ఒక అవ్వ కోసం ఊరు పెట్టిన ఖర్చు ఫ్లెక్సీ దగ్గరికి రాకముందే ఆరువేలు దాటింది. ఆడిట్‌వాళ్ల కంటబడితే ఆబ్జెక్షన్ రాస్తారని ఆ కాగితం ఇంట్లో పప్పుడబ్బా కింద పెట్టాను. మా ఆవిడ అది చదివినట్టుంది. రెండ్రోజులుగా చాయ్‌లో చక్కెర లేకపోవడం షుగర్ వల్లేనని అనుకుంటున్నాను.

నిన్న పొద్దున స్టేషన్‌కు వెళ్లేసరికి అవ్వ లేచి కూర్చుని ఉంది. ఎవరో పింఛను ఫారం తెచ్చిచ్చారట. నా జేబులో పెన్ను చూసి, రాసిపెట్టమంది. రాశాను. పేరు, భర్త పేరు, వయసు, కులం, అన్నీ చకచకా అయిపోయాయి. ఇంటి నంబరు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

"నీ ఇంటి లంబరు ఎయ్యరాదు బిడ్డా? నేను ఇంటికేం రాను. ఉత్త లంబరే."

రూల్సు ఒప్పుకోవన్నాను. ఏ రూలో ఆమె అడగలేదు. ఫారం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, కవరులో మిగతా కాయితాలతో కలిపి, దాన్ని తల కింద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఫారం వెనకవైపు అంతా ఖాళీనే. ఈ నోట్‌లో మిగిలిన ఉపాయాలు ఇంకో రెండు మూడు అక్కడ రాసుకునేవాణ్ణి గానీ, అది ఆమె తల కింద ఉంది.